మందు వల్ల తగ్గిన రక్తం: పండు చేయగలిగింది ఎంత?

హైదరాబాద్‌లో అయినా, గుంటూరులో అయినా, విశాఖలో అయినా పెద్దాసుపత్రి గేటు ముందు పళ్ల బండ్ల మీద దానిమ్మ కనబడకుండా ఉండదు. లోపల కీమో ఎక్కించుకుంటున్న మనిషికి రక్తం తగ్గిందని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్లు కిలో దానిమ్మలు కొనుక్కొస్తారు. గింజలు ఒలిచి, మిక్సీలో వేసి, వడగట్టి, గ్లాసుడు ఎర్రటి రసం మంచం పక్కన పెడతారు. ఆ రంగు చూస్తేనే రక్తం పడుతుందన్న భరోసా. ఆ శ్రమ వెనక ఉన్న ప్రేమ నిజమైనది. కాబట్టే ఆ గ్లాసు రోగి ఒంట్లో ఏం చేస్తుందో, ఏం చేయలేదో తేల్చి చెప్పడం అవసరం. చికిత్స వల్ల వచ్చే రక్తహీనతలన్నీ ఒకటి కావు. రక్తం ఏ దారిలో తగ్గిందో తెలిస్తేనే ఏ పండు పనికొస్తుందో, అసలు పండు పనికొస్తుందో లేదో తెలుస్తుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

దానిమ్మతోనే మొదలుపెడదాం. వంద గ్రాముల గింజల్లో ఉండే ఇనుము ఎంత అన్నది పట్టికను బట్టి మారుతుంది గానీ, ఎటు చూసినా రెండు మిల్లీగ్రాములు దాటదు. ‘అనీమియా ముక్త్ భారత్’ పథకం కింద ఆడవారికి ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దానిమ్మ ఎరుపు ఇనుముది కాదు, ఆంథోసయనిన్లనే వర్ణకాలది. పైగా ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కొత్త కణాలు మూలుగలో తయారై హీమోగ్లోబిన్ అంకె కదలాలంటే వారాలు పడుతుంది. మూడు రోజులు రసం తాగించి నాలుగో రోజు మళ్లీ రక్తపరీక్ష చేయించి దిగులుపడే కుటుంబాలకు ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పాలి.

మందు, రక్తం, ఆహారం అనే మూడింటి ముడిని అర్థం చేసుకోవడానికి మెథోట్రెక్సేట్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ కథలో భీమవరంలో పుట్టిన తెలుగువాడు ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) అన్నదమ్ములు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. ఆయన కూడా అదే జబ్బుతో మంచాన పడి లేచాడు. పేగు ఫోలేట్ అనే బి విటమిన్‌ను పీల్చుకోలేకపోవడం, దానివల్ల రక్తం క్షీణించడం స్ప్రూ లక్షణాలు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలేట్‌కే మరో రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందయింది.

అదే కాలంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి చెందిన సమ్మేళనాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనబడింది. అయితే ఫోలేట్‌ను అడ్డుకుంటే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ జవాబయింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ రక్త క్యాన్సర్లలో, కీళ్లవాతంలో, సోరియాసిస్‌లో వాడుకలో ఉంది. రక్తహీనతను నయం చేసే అణువు, రక్తహీనతను తెచ్చిపెట్టే అణువు, రెండూ ఒకే ప్రయోగశాలలో, ఒకే మనిషి చూపు కింద రూపుదిద్దుకోవడం వైద్య చరిత్రలో అరుదైన సంగతి.

మెథోట్రెక్సేట్ చేసే పని ఇది. ఫోలేట్‌ను వాడుకలోకి తెచ్చే ఎంజైమును అది పట్టేసుకుంటుంది. డీఎన్‌ఏ తయారీ కుంటుపడుతుంది. మూలుగలోని ఎర్రకణాల పూర్వరూపాలు పెరుగుతాయి గానీ విడిపోలేవు. బయటికొచ్చే కొద్దిపాటి కణాలు మామూలుకన్నా పెద్దగా ఉంటాయి. రక్తపరీక్ష కాగితంలో ఎర్రకణాల సగటు పరిమాణం చూపే ఎం.సి.వి. అంకె 100 దాటడం దీనికి ఒక గుర్తు.

ఇక్కడ పండు ఏం చేయగలదు? వంద గ్రాముల జామలో సుమారు 50 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటుంది. మామిడిలో 40 పైచిలుకు, బొప్పాయి, కమలాల్లో 30 నుంచి 40 వరకు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు కావాల్సింది 200 నుంచి 400 మైక్రోగ్రాములు కాబట్టి, రోజువారీ తిండిలో ఈ పళ్లు విలువైనవే. అయితే కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారికి సాధారణంగా రాసే ఫోలిక్ ఆమ్లం మాత్ర 5 మిల్లీగ్రాములది, అంటే 5,000 మైక్రోగ్రాములు. అంత ఫోలేట్ జామపళ్ల నుంచే రావాలంటే పది కిలోలు తినాలి. పండు ఆ మాత్రకు తోడు కాగలదు, బదులు కాలేదు. క్యాన్సరుకు పెద్ద మోతాదులో మందు ఎక్కించినప్పుడు ఫోలిక్ ఆమ్లం కూడా చాలదు. అడ్డుపడ్డ ఎంజైముతో పనిలేకుండా నేరుగా ఉపయోగపడే ఫోలినిక్ ఆమ్లాన్ని గంటల లెక్కన ఇస్తారు. ఆ సమయంలో మందు మూత్రపిండాల్లో స్ఫటికాలై పేరుకోకుండా మూత్రాన్ని క్షారంగా ఉంచుతారు. కాబట్టి ఆ రోజుల్లో ఇంటివాళ్లు సొంతంగా విటమిన్ సి మాత్రలు మొదలుపెట్టకూడదు.

ఇంకొక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకున్నవారిలో రక్తకణాలన్నీ కుప్పకూలి ప్రాణాల మీదికి వచ్చిన సంఘటనలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. నోటినిండా పుళ్లు లేచి రక్తం పడిపోతే చూడాల్సింది మందుల చీటీని, ఆసుపత్రికి చేరాల్సింది ఆ రోజే.

పండు నిజంగా బలం చూపే చోటు వేరే ఉంది. నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ ఏళ్ల తరబడి వాడినందువల్ల కడుపులో కొద్దికొద్దిగా రక్తం పోయినవారు, పెద్ద శస్త్రచికిత్సలో రక్తం కోల్పోయినవారు, వీరికి కరువైంది ఇనుము. అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది గానీ అది పేగు సులువుగా పీల్చుకోలేని రూపంలో ఉంటుంది. పప్పుధాన్యాల్లోని ఫైటేట్లు, టీలోని టానిన్లు దాన్ని ఇంకా బిగబడతాయి. విటమిన్ సి ఆ ఇనుమును పేగు గోడ దాటగల రూపంలోకి మారుస్తుంది, కరిగి ఉండేలా పట్టుకుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కిశోర వయస్కుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, అన్నం ప్రధానమైన భోజనంతో పాటు జామపండు తిన్నప్పుడు ఇనుము శోషణ గణనీయంగా పెరిగింది. మందు వల్ల రక్తం తగ్గిన రోగుల మీద చేసిన అధ్యయనం కాదది. అయినా ఇనుము లోటు ఉండి, పేగు బాగానే పనిచేస్తున్నవారికి ఆ సూత్రం వర్తిస్తుంది.

గమనించాల్సింది ‘భోజనంతో పాటు’ అన్న మాట. జామలో వంద గ్రాములకు 200 మిల్లీగ్రాములు దాటి విటమిన్ సి ఉంటుంది. ఉసిరి కూడా ఆ వరసలోదే. పప్పన్నం తింటూ పక్కన నాలుగు జామ ముక్కలు నమలడం, పచ్చి ఉసిరి తురుము పెరుగులో కలుపుకోవడం కన్నా పప్పులోనే కలుపుకోవడం, అన్నం తిన్న వెంటనే టీ తాగకుండా గంటసేపు ఆగడం, ఇవన్నీ ఖర్చులేని పనులు. సాయంత్రం ఖాళీ కడుపున అదే జామపండు తింటే విటమిన్ అందుతుంది గానీ, మధ్యాహ్నం పప్పులోని ఇనుముకు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. ఉసిరిని ఎక్కువసేపు ఉడికిస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది.

క్యాన్సర్ రోగుల్లో మరో చిక్కు ఎదురవుతుంది. ఒంట్లో వాపు ప్రక్రియ సాగుతున్నంత కాలం కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగు నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా తలుపు మూసేస్తుంది; నిల్వలున్నా మూలుగకు అందనివ్వదు. అప్పుడు ఖర్జూరం పెట్టినా, ఇనుము మాత్ర మింగినా ఫలితం స్వల్పమే. సిస్ప్లాటిన్ వంటి మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తే మూలుగను పురిగొల్పే ఎరిత్రోపొయిటిన్ కూడా తగ్గుతుంది. ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ పరీక్షలు చూసి సెలైన్ ద్వారా ఇనుము ఇవ్వాలా, రక్తం ఎక్కించాలా అని డాక్టరే నిర్ణయించాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అరటిపండు, కొబ్బరినీళ్లు ధారాళంగా పట్టిస్తే పొటాషియం పెరిగి ప్రమాదమవుతుంది.

మధుమేహానికి మెట్‌ఫార్మిన్, దాంతోపాటు గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో తగ్గేది బి12. అది ఏ పండులోనూ ఉండదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసం, లేదంటే మాత్ర, ఇంజెక్షన్. లోటు కనిపెట్టకుండా ఫోలిక్ ఆమ్లం మాత్రలు మింగితే రక్తం మెరుగుపడుతుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

రక్తం సంగతి పక్కనపెట్టినా కీమో రోగికి పండు అవసరమే. అన్నం సహించని రోజుల్లో నాలుగు ముద్దల బదులు కడుపులోకి వెళ్లేది అదే. నోట్లో పుళ్లున్నప్పుడు బత్తాయి, దానిమ్మ మండిస్తాయి. మగ్గిన అరటి, సపోటా, బొప్పాయి మెత్తగా దిగుతాయి. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో బండి మీద కోసిపెట్టిన ముక్కలు, ఐస్ వేసిన జ్యూసులు వద్దు. తొక్క ఉన్న పండు కొని, బాగా కడిగి, ఇంట్లోనే తొక్క తీసి అప్పటికప్పుడు పెట్టాలి. ద్రాక్షపళ్లను పోలిన పేరున్న గ్రేప్‌ఫ్రూట్, దాని దగ్గరి బంధువు పంపరపనస కొన్ని మందులను కాలేయం, పేగు విడగొట్టే తీరును మార్చేస్తాయి. ఇమాటినిబ్ వంటి మాత్రలు వాడేవారు వాటిని మానాలి.

డిశ్చార్జి చీటీ చివర్లో మాత్రం నేటికీ తరచూ ‘పండ్లు బాగా తినాలి’ అన్న ఒక్క ముక్కే కనబడుతుంది. దాని బదులు రోగి రక్తహీనత ఏ రకానిదో ఒక వాక్యం, ఏ పండు ఎప్పుడు తినాలో మరొక వాక్యం, ఏది తినకూడదో ఇంకొకటి తెలుగులో రాస్తే సరిపోతుంది: ‘మీకు ఇనుము తక్కువ, మధ్యాహ్నం అన్నంతో సగం జామపండు, తర్వాత గంట వరకు టీ వద్దు, నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష.’ వార్డులో ఉన్న డైటీషియన్‌కు ఇది రెండు నిమిషాల పని.