మండళ్ల కాలపు విద్వత్తు

పరిశోధన అనగానే ఈనాడు ఒక విశ్వవిద్యాలయ శాఖ, ఒక పర్యవేక్షకుడు, ఒక పట్టా, ఎక్కువగా ఇంగ్లీషులో రాసిన ఒక సిద్ధాంత గ్రంథం మనసులో మెదులుతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి తెలుగువారికి ఈ ఏర్పాటు దాదాపుగా అందుబాటులో లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు 1857లో నెలకొన్న మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. అది కూడా తొలి దశాబ్దాల్లో పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థగా ఉన్నదే తప్ప, పరిశోధనను తన పనిగా భావించలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గాని ఏర్పడలేదు. హైదరాబాదు రాజ్యంలో 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించి దేశభాషకు పెద్ద గౌరవం తెచ్చిన మాట నిజమే కాని, ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంట మాట్లాడే తెలుగుకు అందులో బోధన భాషగా స్థానం లేకపోయింది. అయినప్పటికీ తెలుగులో శాసనాల సేకరణ, విజ్ఞాన సర్వస్వ రచన, స్త్రీల చరిత్ర, ప్రజల చరిత్ర ఈ కాలంలోనే వేళ్లూనుకున్నాయి. ఈ పనులకు పూనుకొన్నవారిలో దివాను, బడిపంతులు, వకీలు, పత్రికా సంపాదకుడు, బడి ముఖం చూడని గృహిణి ఉన్నారు. వారి విద్వత్తు ఎలాంటిదో తెలియాలంటే, వారు ఏం కనుగొన్నారన్న దానితో పాటు ఎవరికోసం రాశారన్నది కూడా చూడవలసి ఉంటుంది.

ఆ గృహిణి భండారు అచ్చమాంబ. 1874లో పుట్టి, చిన్ననాడే పెళ్లయి, మధ్య పరగణాల్లో ఉద్యోగం చేసే భర్త వెంట వెళ్లిన ఆమె, తన వద్ద ఉండి చదువుకొంటున్న తమ్ముడి సాయంతో అక్షరాలు దిద్దుకొని, క్రమంగా తెలుగుతో పాటు హిందీ, మరాఠీ వంటి భాషల్లో గ్రంథాలు చదవగలిగే స్థితికి చేరుకొన్నది. 1901లో వెలువడిన ఆమె గ్రంథం ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ భారతదేశ చరిత్రలోని స్త్రీల జీవితాల సంపుటి. స్త్రీలు స్వభావరీత్యా బలహీనులనీ, చదువు వారిని చెడగొడుతుందనీ సాగుతున్న వాదానికి జవాబుగా ఆమె ఎంచుకొన్న పద్ధతి గమనింపదగినది: నీతిబోధనో ఆవేదననో నమ్ముకోకుండా, రాజ్యం ఏలిన స్త్రీలు, యుద్ధం చేసిన స్త్రీలు, గ్రంథాలు రచించిన స్త్రీలు ఉన్నారని చరిత్ర నుంచి ఒక్కొక్కరినే ఎత్తి చూపించింది. స్త్రీల గతాన్ని విడిగా పరిశోధించవలసిన అంశంగా విశ్వవిద్యాలయాలు గుర్తించడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. ముప్ఫై ఏళ్లు నిండి కొద్దికాలమైనా గడవకముందే, 1905 జనవరిలో ఆమె కన్నుమూయడం తెలుగు చరిత్ర రచనకు తీరని లోటు.

ఆమె తమ్ముడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (1877–1923) కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించి, అక్కాబావల అండన నాగపూరులో చదివాడు. మరాఠీలో వ్యాసాలు రాయగలిగేటంత పట్టు అక్కడే సంపాదించాడు. ఆ కాలపు మహారాష్ట్రలో విశ్వనాథ కాశీనాథ రాజవాడే ఏ కళాశాల ఆసరా లేకుండా ఊరూరా తిరిగి పాత దఫ్తరాలూ లేఖలూ సేకరించి, 1898 నుంచి వాటిని సంపుటాలుగా మరాఠీలోనే ప్రకటిస్తూ వచ్చాడు. చరిత్రకు మూలం ఆధారపత్రమనీ, దాన్ని వెదికి అచ్చు వేయడమే చరిత్రకారుని మొదటి విధి అనీ, ఆ పని స్వభాషలో జరగాలనీ అక్కడ ఒక నమ్మకం బలపడుతూ ఉన్నది. లక్ష్మణరావు తెలుగునాట చేసిన ప్రతి పనిలోనూ ఈ నమ్మకపు ఛాయ కనిపిస్తుంది.

లక్ష్మణరావు మునగాల జమీందారు నాయని వేంకట రంగారావు వద్ద దివానుగా చేరిన తరువాత, ఆ జమీందారూ రావిచెట్టు రంగారావూ తోడుగా 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలిసింది. ఐదేళ్లకు, 1906లో, అదే మిత్రబృందం గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు ప్రభృతుల సహకారంతో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించింది. ‘మండలి’ అంటే ఇక్కడ కేవలం పండితుల సభ కాదు. ముందుగా చందా కట్టిన పాఠకులకు తక్కువ వెలకు వరుసగా పుస్తకాలు అందించే ప్రచురణ వ్యవస్థ అది. అందులో రచయితకు ప్రభువు చందాదారుడే. రాజు మెప్పు కోసం కావ్యం రాసిన కాలానికీ, పట్టా కోసం సిద్ధాంత గ్రంథం రాసే కాలానికీ నడుమ, పేరు తెలియని ఒక గుమాస్తానో ఉపాధ్యాయుడినో దృష్టిలో ఉంచుకొని శాస్త్రగ్రంథం రాయవలసిన కొత్త అవసరాన్ని ఈ ఏర్పాటు పుట్టించింది. ఆ మేలును తక్కువగా అంచనా కట్టరాదు.

మండలి తొలి ప్రచురణ 1907లో హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. తరువాత లక్ష్మణరావు రాసిన ‘హిందూ మహాయుగము’, చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’, కట్టమంచి రామలింగారెడ్డి ‘అర్థశాస్త్రము’, ఇంకా భౌతిక, రసాయన, జీవశాస్త్రాలపై గ్రంథాలు వెలువడ్డాయి. చారిత్రక నవలలకు పోటీలు కూడా నడిచాయి. రసాయన శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలంటే పరిభాష, అనగా శాస్త్రానికి ప్రత్యేకమైన మాటల సంచయం, ముందుగా కావాలి. ఆ రచయితలు ఒకవైపు విషయం వివరిస్తూ మరొకవైపు దానికి తగిన మాటలు తామే కూర్చుకోవలసి వచ్చింది. ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులోనే రాసే ఆచార్యునికి ఎదురుపడని కష్టం ఇది. భాషను శాస్త్రానికి సిద్ధం చేయడం కూడా విద్వత్కార్యమేనని ఆ పుస్తకాలు నిరూపించాయి.

లక్ష్మణరావు ఆశయాల్లో అన్నిటికంటె పెద్దది ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’. సకల శాస్త్రాల, దేశాల, వ్యక్తుల సమాచారాన్ని అకారాది క్రమంలో సప్రమాణంగా కూర్చి, ఇంగ్లీషు రాని పాఠకునికీ ప్రపంచ విజ్ఞానాన్ని అందుబాటులోకి తేవాలన్నది ఆయన సంకల్పం. మద్రాసులో మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి సహాయకులతో, గాడిచర్ల, ఆచంట లక్ష్మీపతి వంటి మిత్రులతో పని సాగించి, 1915 నుంచి మూడు సంపుటాలు వెలువరించాడు. మూడింటిలోనూ ‘అ’ అనే ఒక్క అక్షరంతో మొదలయ్యే అంశాలే పట్టాయి. ప్రతి వ్యాసాన్నీ మూలాధారాల నుంచి కొత్తగా రాయించాలని, అనేక వ్యాసాలు తానే రాయాలని ఆయన పట్టుపట్టడం ఇందుకు ఒక కారణం. విశ్వవిద్యాలయం గాని ప్రభుత్వం గాని వెనుక నిలవకపోవడం రెండవ కారణం. నలభై ఆరేళ్ల వయసులో, 1923 జూలైలో, పని మధ్యలో ఆయన మరణించాడు. అదే కాలంలో శ్రీధర వేంకటేశ కేత్కర్ మరాఠీలో తలపెట్టిన జ్ఞానకోశం ఇరవై మూడు సంపుటాలతో పూర్తయింది. కాశీనాథుని నాగేశ్వరరావు తరువాత సర్వస్వాన్ని మళ్లీ చేపట్టినా అది ముగింపుకు రాలేదు. వ్యక్తుల శ్రద్ధ మీద నిలిచిన విద్వత్తుకు ఉండే బలమూ బలహీనతా ఈ మూడు సంపుటాల్లోనే ఉన్నాయి. వాటిని అసంపూర్ణ ప్రయత్నంగా మాత్రమే చూసేవారు, ఒక భాషలో ప్రామాణికమైన వ్యాసం ఎలా ఉండాలో అవి నేర్పిన సంగతిని మరచిపోతున్నారు.

మండలి పుస్తకాల భాషలో మాత్రం ఒక విరోధం ఉన్నది. సామాన్యుని కోసం రాసినా, సరళమైనదే అయినా అది గ్రాంథికమే, అంటే ఎవరూ ఇంట మాట్లాడని పాత వ్యాకరణ నియమాల తెలుగు. ఈ విరోధాన్ని పట్టుకొని కదిలించినవాడు పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). ఆయన విద్వత్తు రెండు చోట్ల, రెండూ తరగతి గదికి దూరంగా, రూపుదిద్దుకొన్నది. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను, గురువు లేకుండా పాత లిపులు నేర్చుకొని, తానే చదివి గాంగవంశ చరిత్రకు ఆధారాలు సమకూర్చాడు. చుట్టుపక్కల కొండల్లో నివసించే సవరల భాషను, ఆ భాష వచ్చినవారిని ఇంట ఉంచుకొని నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పే బడులకు పూనుకొన్నాడు. సవర ద్రావిడ భాష కాదు. ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి లిపి లేని ఆ భాషకు వ్యాకరణం రాయాలంటే గ్రంథం ఏదీ సహాయపడదు, మనిషి నోటి మాట ఒక్కటే ప్రమాణం. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం ఆ క్రమశిక్షణకు ఫలితం. తెలుగు విషయంలోనూ ఆయన అదే ప్రమాణాన్ని నిలబెట్టాడు: పాత వ్యాఖ్యానాల్లో, లేఖల్లో, శాసనాల్లో పండితులు సైతం వ్యావహారిక రూపాలు వాడిన ఉదాహరణలను వందలుగా పోగుచేసి చూపించాడు. వాడుక భాషోద్యమాన్ని ఆవేశంగా మాత్రమే చెప్పుకొనేవారు దాని వెనుక ఉన్న ఈ కఠినమైన ఆధార సేకరణను గుర్తుంచుకోవడం అవసరం.

లక్ష్మణరావు నాటిన విత్తనం హైదరాబాదు రాజ్యంలో ఆయన పేరుతోనే మొలకెత్తింది. ఆదిరాజు వీరభద్రరావు ప్రభృతులు నడిపిన పరిశోధక సంఘం ఆయన స్మృతికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. అది 1935లో ‘తెలంగాణా శాసనములు’ సంపుటం ప్రకటించింది. జీతం లేని మనుషులు పల్లెల్లో రాళ్లు వెదికి, అచ్చులు తీసి, చదివి, తెలుగులోనే ప్రచురించిన ఆ సంపుటం ఇప్పటికీ చరిత్రకారులకు ఆధారగ్రంథం. ఆ ముందు ఏడే, 1934లో, సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చాడు. తెలంగాణలో కవులు లేరన్న ఒక వ్యాఖ్యకు జవాబుగా తన గోలకొండ పత్రిక ద్వారా కోరగా, ఊళ్ల నుంచి వచ్చిన పద్యాలతో 354 మంది కవుల సంగతి ఒకచోట చేరింది. పత్రిక పాఠకులే అక్కడ సమాచార సేకర్తలయ్యారు. దీన్ని పరిశోధన పద్ధతిగా లెక్కించని దృష్టి ఇరుకైనదని అనుకోవలసి ఉంటుంది.

విశ్వవిద్యాలయాలకూ మండళ్లకూ నడుమ ఉన్న తేడా 1948, 1949 సంవత్సరాల్లో వెలువడిన రెండు గ్రంథాల్లో స్పష్టమవుతుంది. విజ్ఞాన సర్వస్వ కార్యాలయంలో తర్ఫీదు పొందిన మల్లంపల్లి సోమశేఖరశర్మ పట్టభద్రుడు కాడు. అయినా ఆయన రాసిన రెడ్డి రాజ్యాల చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రకటించింది. బయట పెరిగిన విద్వత్తును లోపలివారు ఆదరించడం సంతోషకరమే గాని, ఆ గ్రంథం ఇంగ్లీషులో ఉన్నది. మండలి చందాదారుని వంటి పాఠకునికి అది అందదు. మరుసటి ఏడు హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించిన ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెలుగులో, రాజుల వంశావళులను పక్కన పెట్టి, మనుషులు తిన్న తిండిని, కట్టిన బట్టను, ఆడిన ఆటలను, నమ్మిన నమ్మకాలను చరిత్రకు విషయంగా స్వీకరించింది.

ఆ పుస్తకపు అసలు నవ్యత ఆధారాల ఎంపికలో ఉన్నది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పాటల, ఆటల, బొమ్మలాటల ప్రస్తావనలు. క్రీడాభిరామంలో ఓరుగంటి పూటకూళ్లింటి భోజనం, దాని వెల ఒక రూక. ఆముక్తమాల్యదలో ఋతువుల వెంట మారే పల్లె జీవితం. పద్దెనిమిదో శతాబ్దపు హంసవింశతిలో వృత్తుల, పనిముట్ల, వస్తువుల పట్టికలు. వీటిని అలంకార శాస్త్రపు కొలతలతో చదివే పండితుడు వర్ణన అని దాటిపోతాడు. శాసనాలకే పరిమితమైన చరిత్రకారుడు కల్పన అని తోసిపుచ్చుతాడు. ప్రతాపరెడ్డి ఆ రెండు అలవాట్లనూ విడిచిపెట్టి, కవి కల్పించిన కథలోనూ తన చుట్టూ చూసిన వస్తువునే పెడతాడన్న సూత్రం ఆధారంగా కావ్యాన్ని సాక్ష్యంగా మలిచాడు. అర్థం పోయిన మాటలకు నిఘంటువులు చాలనప్పుడు పల్లెటూళ్ల వాడుకను ఆశ్రయించాడు. పనిచేసే కులాల జీవితాన్ని కూడా చాలావరకు పై కులాల కవుల కళ్లతోనే చూడవలసి రావడం ఈ పద్ధతికున్న హద్దు. ఆ కవుల చిన్నచూపు కొన్నిచోట్ల వర్ణనతో పాటే చరిత్రలోకి వచ్చి చేరుతుంది. ఫ్రాన్సులో 1929 నుంచి అనాల్ పత్రిక చుట్టూ చేరిన చరిత్రకారులు రాజకీయ ఘటనలను దాటి సమాజాన్ని చూడాలని వాదించారు. భారతదేశంలో రణజిత్ గుహా నాయకత్వాన అణగారినవారి చరిత్రల సంపుటాలు 1982లో మొదలయ్యాయి. ఈ రెండింటికీ నడుమ, హైదరాబాదులో ఒక వకీలు పత్రిక నడుపుతూ ఇంత విస్తృతంగా ప్రజల చరిత్ర రాసిన విషయం చరిత్ర రచనా శాస్త్రపు పాఠాల్లో తగినంతగా వినిపించకపోవడానికి, అది తెలుగులో ఉండడమే ముఖ్య కారణం.

ప్రతాపరెడ్డి 1953 ఆగస్టులో మరణించాడు. కేంద్ర సాహిత్య అకాడమీ తన తొలి తెలుగు పురస్కారాన్ని 1955లో ఆ గ్రంథానికే ప్రకటించింది. తూర్పు చాళుక్యుల యుగంతో ఆరంభమయ్యే ఆ సాంఘిక చరిత్ర చివరి ప్రకరణం 1907తో ముగుస్తుంది. చందాదారుల కోసం విజ్ఞాన చంద్రికా మండలి మొదటి పుస్తకం అచ్చు వేసినది ఆ సంవత్సరమే.