పానగల్లు ప్రణాళం నుంచి బాత్రూం జాలి దాకా

నల్లగొండ పట్నాన్ని ఆనుకొని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలపు గుడి. లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా నిలిచే నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ నీడ గురించి చాలామంది రాశారు. ఈ ప్రాంతపు శివాలయాలకు పోయినప్పుడల్లా నా కన్ను మాత్రం ఇంకోదాని మీదికి పోతుంది. అది అభిషేకం నీళ్లు బయటికి పోయే దారి.

లింగం మీద పోసిన నీళ్లు పానవట్టంలో చేరి, దాని మూతి నుంచి జారి, గర్భగుడి గోడలోని తూములో నుంచి బయటపడతాయి. దానినే ప్రణాళం అంటారు, సోమసూత్రమనీ అంటారు. శివాలయంలో ప్రదక్షిణ చేసేవాళ్లు దాన్ని దాటరు, అక్కడి దాకా పోయి వెనక్కి తిరుగుతారు. కృష్ణా, తుంగభద్ర కలిసే చోటికి దగ్గరున్న అలంపురం నవబ్రహ్మ శివాలయాలు బాదామి చాళుక్యుల నాటివి, ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టినవి. ఆ కాలం నుంచీ మన నేల మీద స్నానమంటే నీళ్లు రావడం ఎంతో, పోవడమూ అంతే. ‘ప్రణాళిక’ అనే మాటకు సంస్కృతంలో నీటి కాలువ అనే అర్థం ఉంది. ఇల్లు కట్టే ముందు ప్రణాళిక గీసుకునేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే బాగుండు.

గుడి ప్రణాళం ఎందుకు పూడిపోదు? అందులో పెద్ద విద్యేమీ లేదు. దారి పొట్టిగా, తిన్నగా ఉంటుంది. రాయికి వాటం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది కళ్లకు కనిపిస్తుంది. పువ్వో మారేడాకో అడ్డం పడితే పూజారి చేత్తోనే తీసేస్తాడు.

మన పాత ఇళ్లదీ ఇదే పద్ధతి. ఇంటి వెనక ఒక మూలన పరిచిన బండ, చుట్టూ జానెడు గట్టు, పక్కన నీళ్ల గోలెం. అదే జాలాట. తానం అక్కడే, బోళ్లు తోమేదీ అక్కడే, కాళ్లు కడిగేదీ అక్కడే. కలిగినవాళ్లయితే షాబాదు బండలు తెప్పించి పరిపించుకునేవారు, లేనివాళ్లకు ఊరి గుట్ట రాయే. గట్టుకు చిన్న బొక్క, దాని నుంచి మోరి. మోరి నీళ్లు అరటిచెట్టుకో కాకరపాదుకో పోయేవి. పొద్దున్నే చీపురు పట్టుకున్నవాళ్లు వాకిలితో పాటు జాలాటను, మోరినీ గీకి కడిగేవారు. అడ్డం పడిందేదైనా ఆ పూటే బయటపడేది.

ఇక వెంట్రుకలు. మా నాయనమ్మ తల దువ్వుకున్నాక దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను వేలికి చుట్టి, చిన్న ఉండ చేసి, గోడ సందులో దోపేది. "ఎంటికె కాళ్లల్ల పడొద్దు బిడ్డా" అనేది. ఏడాదికి రెండు మూడు సార్లు వెంట్రుకల బేరగాడు వచ్చేవాడు. ఆ ఉండలన్నీ తీసి ఇస్తే పిల్లలకు రబ్బరు బుగ్గలో, పీచుమిఠాయో, పెద్దవాళ్లకు స్టీలు గిన్నెనో ఇచ్చేవాడు. సవరాలు చేసేవాళ్లకు అవి కావాలి. వెంట్రుకకు వెల ఉన్నంత కాలం అది మోరిలోకి పోలేదు.

తలకు రుద్దుకునేదీ వేరే. కుంకుడుకాయ నురగకు మూలం సపోనిన్ అనే పదార్థం. నీళ్లలో సున్నం ఎంత ఉన్నా అది గడ్డకట్టదు. సబ్బు అలా కాదు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. బకెట్ అంచుకు తెల్లగా, జిడ్డుగా పట్టుకునేది అదే. ఉప్పునీళ్ల బోరున్న ఇంట్లో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. రావలసిన నురగంతా ముందు తెట్టుగా మారిపోతుంది మరి.

అయినా జాలాట గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించిన దాఖలా లేదు. అందుకు కారణముంది. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలు తరాల తరబడి నీళ్లు ఎట్లా వస్తాయా అనే ఆలోచించాయి, ఎట్లా పోతాయని ఆలోచించే తీరిక వాటికి ఎక్కడిది? పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టల కింద మట్టి మోశారు, నగరాలకు కాలువలూ పైపులైన్లూ తవ్వారు. వాళ్ల సొంత ఊళ్లలో ఆడవాళ్లు బిందెడు నీళ్లకు బావి దగ్గర వరుసలో నిలబడ్డారు. నల్లగొండలో వచ్చిన నీళ్లే విషమయ్యాయి. ఫ్లోరైడ్ ఎముకలను వంచింది. నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970లలో తయారు చేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. ఒక జిల్లా పేరు దాని బాధతో ప్రపంచానికి తెలియడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను ఆవిష్కరించారు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. నల్లా ఇంటి లోపలికి వచ్చింది. దాని వెంట బాత్రూం లోపలికి వచ్చింది, బకెట్ పోయి షవర్ వచ్చింది. రెండు చెంబుల తానం చేసిన మనుషుల పిల్లలు పది నిమిషాలు నీళ్ల కింద నిలబడుతున్నారు. వాళ్లను తప్పు పట్టను, అంత ఎదురుచూసిన నీళ్లవి. కాకపోతే జాలాట ఇంట్లోకి వచ్చేటప్పుడు మోరి టైల్స్ కింద దాక్కుంది. కనిపించని దాన్ని ఎవరూ కడగరు.

ఆ దాక్కున్న చోటే నహానీ ట్రాప్. హార్డ్‌వేర్ దుకాణంలో ఈ మాట అడిగితే ఠక్కున తీసిస్తారు. స్నానాన్ని చెప్పే హిందీ, మరాఠీ మాటల్లోంచి వచ్చిన పేరిది. జాలి కింద గిన్నెలాంటి భాగం, అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీళ్లే తలుపు. మురుగు వాసననూ బొద్దింకలనూ అవే ఆపుతాయి. వంపులో నీళ్లు నిలిపి వాసనను అడ్డుకునే ఉపాయానికి 1775లో అలెగ్జాండర్ కమింగ్ పేటెంటు పొందాడు. స్కాట్లండ్‌లో పుట్టి లండన్‌లో గడియారాలు చేసినవాడు. ఇల్లు పది రోజులు తాళం వేసి పోయి వస్తే బాత్రూం కంపు కొట్టేది ఆ నీళ్లు ఎండిపోయినందుకే. చెంబెడు నీళ్లు పోస్తే చాలు.

ట్రాప్ వంపు వాసనను ఆపినట్టే వెంట్రుకనూ ఆపుతుంది. మొదట ఒక పొడుగాటి వెంట్రుక చిక్కుకుంటుంది. దానికి ఇంకోటి. ఆ వలకు సబ్బు తెట్టు, తలనూనె, సున్నిపిండి పట్టుకుంటాయి. పైన నీటిలోని సున్నం పేరుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది, నేను చాలాసార్లు చేత్తో తీసింది: షాంపూ ప్యాకెట్ చింపినప్పుడు ఊడే చిన్న మూల. 1983లో కడలూరులో మొదలైన చిక్ కంపెనీ లాంటివి షాంపూను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చాయి. ఆ మూల ముక్క గోరంతే ఉంటుంది, జాలి సందులో నుంచి సులువుగా జారుతుంది, వంపులో అడ్డం పడుతుంది.

మా ఇంట్లో ఓసారి మడమల దాకా నీళ్లు నిలిచాయి. నేను తొందరపడి బాత్రూం యాసిడ్ పోశాను. ముందు రోజే ఇంట్లోవాళ్లు అక్కడ బ్లీచింగ్ పౌడర్ చల్లారని నాకు తెలియదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గొంతు పట్టేసి, కళ్లు మండి, తలుపు తోసుకొని బయటపడ్డాను. ఇది చదివేవాళ్లు ఎవరూ ఆ పని చేయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పైగా యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది కానీ వెంట్రుకను కరిగించదు. వెంట్రుకనూ జిడ్డునూ కరిగించేది కాస్టిక్ సోడా, అది సున్నాన్ని ఏమీ చేయదు. ఒకటి పోశాక పని కాలేదని రెండోది పోస్తే లోపల కుతకుత ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది.

పని చేసేది చెయ్యే. జాలి ఊడదీసి, గిన్నె పైకి లాగి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని లోపలున్నది తీయాలి. అందకపోతే సెంట్రింగ్ పనివాళ్ల బైండింగ్ తీగ కొన కొంచెం వంచి, తిప్పుతూ లాగితే వెంట్రుకల తాడు మొత్తం వచ్చేస్తుంది. చూడటానికి రోత, కానీ తొంభై పాళ్ల పని దానితోనే అయిపోతుంది. తర్వాత రబ్బరు పంపుతో నాలుగు పోట్లు, బకెట్ వేడినీళ్లు. సలసల కాగేవి వద్దు, పీవీసీ గొట్టం మెత్తబడుతుంది. జిడ్డు ఎక్కువుంటే చాకలి సోడా రెండు గుప్పిళ్లు. బాత్రూంలో నీళ్లు పోస్తే వంటింటి సింకు గుడగుడలాడుతుంటే మాత్రం అడ్డు ట్రాప్‌లో లేదు, బయటి చాంబర్‌లో ఉంది. మూత తెరిచి అక్కడ చూడాలి.

ఇల్లు కట్టేటప్పుడయితే మేస్త్రీ పక్కన నిలబడి వాటం చూసుకోవాలి. గజానికి అరంగుళం తగ్గొద్దు. టైల్స్ వేశాక చెంబెడు నీళ్లు దూరపు మూలన పోసి, జాలి దాకా ఆగకుండా పోతాయో లేదో చూసి కూలి ఇవ్వండి. నీళ్లు నిలిచే నేల మీద తెట్టు పేరుకుంటుంది. ఆ తర్వాత ఎన్ని మందులు పోసినా లాభం లేదు.

జాలి కింద నుంచి జారిపోయింది ఎక్కడికి పోతుంది? పల్లెలో ఇంకుడు గుంతకు. అక్కడ వెంట్రుక, తెట్టు కంకర సందులను మూసేస్తే వానాకాలం గుంత పొంగుతుంది. పట్నంలో మురుగు కాలువకు. అక్కడ అడ్డం పడితే దిగేది ఒక మనిషి. సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా ఊపిరాడక చనిపోయిన వార్తలు ఆగలేదు. హైదరాబాదు స్నానాల గదుల నీళ్లు మూసీలో కలిసి, మన నల్లగొండ పొలాల పక్క నుంచే పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో పడతాయి. ఆ ఒడ్డున నిలబడ్డవాళ్లకు కనిపించకుండా పోయిన మోరి ఏదీ ఉండదు.

మా బాత్రూం కిటికీ మీద ఇప్పుడొక పాత బిస్కెట్ డబ్బా ఉంది. తలస్నానం అయ్యాక జాలి మీది వెంట్రుకలను మా అమ్మాయి వేలికి చుట్టి అందులో వేస్తుంది. స్టీలు సామాన్ల బండాయన నెలకోసారి మా వీధికి ఇంకా వస్తూనే ఉన్నాడు.