చేవెళ్ల దారిలో మూడు కాన్పులు

పోయిన ఏడాది శ్రావణంలో అక్క ఫోన్ చేసి "గురువారం పొద్దున పది నలభైకంట" అంది. ఏదో గృహప్రవేశం అనుకున్నాను. కాదు, తన కడుపులోంచి బిడ్డను బయటికి తీసే ముహూర్తం. పంతులుగారు రాసిచ్చిన చీటీని బావ ఫొటో తీసి అప్పటికే డాక్టరమ్మకు వాట్సాప్‌లో పంపేశాడట. ఆమె సరే అందట. అక్కకు అప్పటికి 37 వారాలు నిండాయి, అంతే. నొప్పుల్లేవు. బీపీ లేదు, షుగర్ లేదు. బిడ్డ తల కిందికే ఉంది.

మా ఊరు మొయినాబాద్‌కు అవతల, చేవెళ్లకు ఇవతల. ఒకవైపు ఉస్మాన్‌సాగర్, ఒకవైపు హిమాయత్‌సాగర్, మధ్యలోంచి బీజాపూర్ రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండు చెరువులను కాపాడడానికి 1996లో 111 జీవో వచ్చింది. 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. అయినా పొలాలు ఫామ్‌హౌసులయ్యాయి. ఒకప్పుడు ఆస్పత్రికి పోవాలంటే పట్నమే దిక్కైన ఈ దారిలో ఇప్పుడు మొయినాబాద్ పక్కనే రెండు, చేవెళ్లలో ఒకటి మెడికల్ కాలేజీలున్నాయి. మా ఇంట్లో మూడు తరాల కాన్పులూ ఈ దారి చుట్టూనే తిరిగాయి.

అక్క ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని నాయనమ్మ దగ్గర కూచోవడం. ఎనిమిది కాన్పులు, అన్నీ ఇంట్లోనే. ఆమె నా పక్షం మాట్లాడుతుందని గట్టి నమ్మకం.

"మీ కాలంల అన్నీ నార్మలే కద నాయనమ్మా, మంచిగుండె కద?" అన్నాను.

"ఎనిమిదిట్ల ఐదుగురు మిగిలిన్రు. ఏది మంచిగుండె?" అంది. కాసేపాగి, "బతికినోళ్లను అడిగి లెక్క రాసుకుంటున్నవ్ బిడ్డా. పోయినోళ్లు వచ్చి చెప్తరా?" అంది.

అప్పుడు తన తోడికోడలి సంగతి చెప్పింది. నెహ్రూ పోయిన ఏడాది. రెండు రాత్రులు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. రాత్రి బస్సు లేదు. ఎడ్లబండి కట్టారు. అజీజ్‌నగర్ దాటకముందే అంతా అయిపోయింది. "కోసి తీసేటోళ్లు ఉంటే బతుకుతుండె" అంది నాయనమ్మ. నేను వెతుక్కుంటూ వెళ్లిన సాక్షి ఎదుటి పక్షం తరఫున సాక్ష్యం చెప్పింది.

కోసి తీయడం మరీ కొత్త సంగతి కాదు. ఉన్నట్టుండి తల్లి చనిపోయి కడుపు ఇంకా కదులుతుంటే, ఆలస్యం చేయకుండా కోసి బిడ్డను తీయమని సుశ్రుత సంహితలోనే ఉంది. పాత రోమన్ చట్టమూ ఇంచుమించు ఇదే చెప్పింది. జూలియస్ సీజర్ ఇలాగే పుట్టాడనేది కట్టుకథ. వాళ్లమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, ఆ కాలంలో కడుపు కోయించుకున్న తల్లి బతకడం దాదాపు అసాధ్యం. అంటే శతాబ్దాల పాటు సిజేరియన్ చావు తర్వాత చేసే పని. తల్లి బతికుండి, బిడ్డ అడ్డం పడితే యూరప్ డాక్టర్లు కూడా చాలాసార్లు బిడ్డ తలను చిదిపి తల్లిని కాపాడేవాళ్లు.

ఆ కత్తి తల్లిని కూడా బతికించే పనిముట్టుగా మారింది 19వ శతాబ్దంలో. 1876లో ఇటలీలో ఎడ్వర్డో పోరో బిడ్డతో పాటు గర్భసంచీనీ తీసేసి తల్లిని దక్కించాడు. 1882లో జర్మనీలో మాక్స్ సేంగర్ గర్భసంచీని తీయకుండా కుట్టి చూపించాడు. వినడానికి చిన్న సంగతి, కానీ ఆ కుట్టు వల్లే రెండో కాన్పు అనేది సాధ్యమైంది. తర్వాత చేతులు కడుక్కోవడం, రక్తం ఎక్కించడం, పెన్సిలిన్ వచ్చాయి. వీటన్నిటికంటే ముందు రావాల్సింది మత్తు. దాని చరిత్రలో కొంత మన పట్నంలోనే జరిగింది.

1847లో ఎడింబరోలో సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫామ్ ఇచ్చాడు. నొప్పి దేవుడు రాసిందని, దాన్ని తప్పించడం తప్పని కొందరు గోల చేశారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు అదే తీసుకున్నాక ఆ గోల సద్దుమణిగింది. తర్వాత క్లోరోఫామ్ వల్ల గుండె ఆగుతుందా, ఊపిరి ఆగుతుందా అన్న తగాదా మొదలైంది. దాన్ని తేల్చడానికి 1888, 1889లలో ఆరో నిజాం డబ్బుతో హైదరాబాద్‌లోనే రెండు క్లోరోఫామ్ కమిషన్లు కూచున్నాయి. నడిపించినవాడు ఎడ్వర్డ్ లారీ. ఊపిరిని చూసుకుంటే చాలు, గుండెకు ప్రమాదం లేదని కమిషన్ తేల్చేసింది. 1911లో ఆ తీర్పు తప్పని రుజువైంది. ఇది ఎగతాళికి చెప్పడం లేదు. వైద్యంలో గట్టిగా చెప్పిన మాటకూ నిజమైన మాటకూ మధ్య ఇరవై ఏళ్ల దూరం ఉండొచ్చని మన ఊరి చరిత్రే చెబుతోంది.

ఆ లారీ దగ్గర 1885లో వైద్యం నేర్చుకోవడానికి చేరిన ఆడవాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్ అని ఆమెను చెప్పుకుంటారు. ఆమె పట్నంలో క్లోరోఫామ్ ఇస్తున్న రోజులకూ నాయనమ్మ తోడికోడలి చావుకూ మధ్య డెబ్బై ఏళ్లున్నాయి. రెండు చోట్లకూ మధ్య దూరం మాత్రం ఒక రాత్రి బండి ప్రయాణం. ఆ దూరం పల్లెటూరి వాళ్లదే అనుకోవడానికీ లేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా యువరాణి నీలోఫర్ పనిమనిషి కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే 1953లో నీలోఫర్ ఆస్పత్రి వచ్చింది.

ఇక అమ్మ సంగతి. 1993లో అక్క సర్కారు ఆస్పత్రిలో మామూలుగా పుట్టింది. మూడేళ్లకు నేను. ఈసారి పెద్దాపరేషన్. అదే బల్ల మీద పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా చేసేశారు. "ఒక్క కోతకే రెండు పనులైనయి, ఒక్క సెలవుకే లేచిన" అంటుంది అమ్మ ఇప్పటికీ, లాభం వచ్చినట్టు. తెలంగాణలో సిజేరియన్ల లెక్క చెప్పేవాళ్లు ఈ మాటను చాలాసార్లు వదిలేస్తారు. ఇద్దరు చాలు అనుకున్న ఇంట్లో, కుటుంబ నియంత్రణ భారమంతా ఆడదాని మీదే పడ్డచోట, రెండో కాన్పు కోత కావడం చాలా ఇళ్లకు సౌకర్యంగానే కనిపించింది.

ఆ లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5. మన ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. ఇక్కడే ఆగిపోతే వ్యాపారం అని ఒక్క మాటలో తీర్పు చెప్పేయొచ్చు. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. 2005లో వచ్చిన 108 అంబులెన్సుకూ, ఆస్పత్రి కాన్పులకూ, 2017లో కేసీఆర్ కిట్‌తో వచ్చిన 12, 13 వేల రూపాయలకూ ఇందులో వాటా ఉంది. అవసరమైనప్పుడు పడిన కత్తికీ ఉంది.

అయితే కత్తి ఎంత పెరిగితే ప్రాణాలు అంత దక్కుతాయా? దక్కవు. సిజేరియన్లు 10 నుంచి 15 శాతం దాటాల్సిన పని లేదని 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. 2015లో ఇంకాస్త జాగ్రత్తగా చెప్పింది: జనాభా మొత్తంలో 10 శాతం దాటాక చావులు తగ్గుతున్నట్టు కనిపించడం లేదు, కానీ శాతాల వెంట పడకండి, అవసరమైన ప్రతి మనిషికీ అందేలా చూడండి.

ఒక మనిషి విషయంలో తూకం ఇలా ఉంటుంది. మామూలు కాన్పులో తొందరగా కోలుకుంటారు, తర్వాతి కాన్పుకు చిక్కులు తక్కువ. కానీ చిరుగుళ్లు, తర్వాత ఎప్పుడో మూత్రం ఆగకపోవడం, గర్భసంచి జారడం ఉండొచ్చు. కోతలో బిడ్డ అడ్డం పడినా, గుండె చప్పుడు తగ్గినా ప్రాణం దక్కుతుంది. కానీ రక్తం ఎక్కువ పోవచ్చు, కుట్లకు చీము పట్టొచ్చు. మళ్లీ గర్భం వస్తే మాయ పాత కుట్టు మీద అతుక్కునే ప్రమాదం కోతకోతకూ పెరుగుతుంది. 39 వారాలు నిండకుండా కారణం లేకుండా తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావొచ్చు. ఈ తూకంలో ముహూర్తానికి ఏ పళ్లెంలోనూ చోటు లేదు.

మంత్రసాని పోయినప్పుడు మనం పోగొట్టుకున్నదేమిటని కూడా నాయనమ్మను అడిగాను. తుప్పు కొడవలితో బొడ్డు కోయడం, ధనుర్వాతంతో పసిపిల్లలు పోవడం తను మర్చిపోలేదు. మంత్రసానిని మామూలు రోజుల్లో గడప దాటనివ్వకపోవడమూ మర్చిపోలేదు. "కానీ రాత్రంత నడుం వట్టుకొని కూసుంటుండె. ఒక్క గడియ ఇడిశిపెట్టకపోతుండె" అంది. కాన్పంతా పక్కన ఒక మనిషి ఉంటే సిజేరియన్లు కొంత తగ్గుతాయని ఇప్పుడు పరిశోధనలు చెబుతున్నాయి. 1948లో మొదలైన హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011 నుంచి మిడ్‌వైఫ్‌లను తయారు చేస్తోంది. 2017లో ప్రభుత్వం, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో సర్కారు నర్సులకూ ఆ శిక్షణ మొదలుపెట్టింది. ఆస్పత్రిలోంచి మనం బయటికి నెట్టిన మనిషిని చదువు చెప్పించి మళ్లీ లోపలికి పిలుస్తున్నామన్నమాట.

అక్కతో ఇవన్నీ చెప్పలేదు. తనకు నొప్పంటే భయం, ఆ భయాన్ని చరిత్రతో కొట్టే హక్కు నాకు లేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడగమన్నాను: "ఆగితే ఏమైతది?" అడిగింది. డాక్టరమ్మ ఫైలు తిరగేసి, "ఏం కాదమ్మా, ఆగొచ్చు. చీటీ మీవాళ్లే కదా పంపింది" అందట. బావ రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ "దానికి అంత గోస ఎందుకు" అని నన్నే తిట్టింది.

గురువారం పోయింది. ఇంకో రెండు వారాలూ దాటాయి. ఒక రాత్రి నొప్పులు మొదలయ్యాయి. అమ్మను లోపల కూచోనిచ్చారు. పదమూడు గంటలు గడిచాక బిడ్డ గుండె చప్పుడు పడిపోవడం మొదలైంది, లేవడం లేదు. డాక్టరమ్మ వచ్చి కారణం చెప్పి సంతకం అడిగింది. ఈసారి అక్కే పెట్టింది. ఇరవై నిమిషాల్లో పాప బయటికొచ్చింది.

అంటే చివరికి కోతే. "మరి గీ మాత్రం దానికి ముహూర్తానికే చేయించుకుంటే పోకపోవునా?" అన్నాడు బావ. అడగాల్సిన ప్రశ్నే. నా దగ్గరున్న జవాబు ఒక్కటే: ఆ గురువారం కోతకు కారణం పంతులుగారి చీటీలో ఉండేది, ఈ కోతకు కారణం అక్క కేస్ షీట్లో ఉంది. రేపు రెండో కాన్పుకు పోయినప్పుడు డాక్టర్లు ముందుగా అడిగేది ఆ కారణమే.

నాయనమ్మకు ఈ వాదన పట్టలేదు. పాపను ఒళ్లో వేసుకుని, "అజీజ్‌నగర్ కాడ పోయిన పిల్ల కూడ గిట్లనే దక్కుతుండె" అంది.