అప్పు నాన్నకి, కిస్తీ అమ్మకి

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న సెలవులకి కొడవలూరు దగ్గర మా కాలనీకి వెళ్ళినప్పుడు అమ్మ డ్వాక్రా లోను ఫారం మా చేతికిచ్చి నింపమంది. "దేనికి లోను" అన్న చోట ఏం రాయాలమ్మా అంటే, "మీ నాన్ననడగండి" అంది. డబ్బు తీసుకునేది ఆయన, కూలి డబ్బుల్లోంచి కిస్తీ కట్టేది అమ్మ. హాస్టల్లో అడిగితే చాలామంది ఇళ్ళల్లో ఇదే కత.

ఇది ఇవాళ మొదలైంది కాదు. మన యానాది తాతలు పొలానికో, చెరువు కాపలాకో ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకునేవాళ్ళు. అడిగేది తాత ఒక్కడే, ఆ బాకీకి పని చేసేది మాత్రం అవ్వ, పిల్లలు అందరూ. 1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఈ సంగతి గుర్తించింది. అప్పు తీసుకున్నవాడే కాదు, ఇంట్లో వాళ్ళతో చేయించినా అది వెట్టే అంది, ఆ బాకీలు చెల్లవంది.

బ్యాంకుకి పోదామంటే హామీగా పట్టా కావాలి. పట్టా ఉన్నా చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ పేరునే ఉండేది. 1985లో మన రాష్ట్రం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. కానీ హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం ఎస్టీలకి వర్తించదు. దీన్ని మార్చే సంగతి ఆలోచించమని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

మార్పు మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. 1990ల మొదట్లో రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్ళు సారా గురించి పాఠం చదివి, మొగుడి కూలి ఎటు పోతుందో లెక్కేసుకున్నారు. దూబగుంటలో రోశమ్మ లాంటివాళ్ళు సారా కొట్టుకి ఎదురు నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకి రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు పుట్టాయి. 1992లో నాబార్డు సంఘాలని బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. పట్టా అక్కర్లేదు, ఒకరికొకరు హామీ ఉంటే చాలు.

ఇది చిన్న విషయం కాదు, అమ్మ పేరున మొదటిసారి అప్పు పుట్టింది. కాకపోతే సంఘం ఆమెకి సంతకం ఇచ్చింది గానీ ఇంట్లో మాట ఇవ్వలేదు. కట్టకపోతే మాట పడేది ఆమె, ఆమె బదులు కట్టేది పక్కింటి అక్క. సారా కొట్టు ముందు నిలబడినంత తేలిక కాదు, సొంత ఇంట్లో "ఈ డబ్బు దేనికి?" అని అడగడం.

ఈసారి మేం ఫారం వెంటనే నింపలేదు. నాన్నని, అమ్మని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎంత, దేనికి, ఎవరు కడతారు అని నోటుబుక్కులో రాశాం. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "సగం నేను కడతాలే" అన్నాడు. కడతాడో లేదో చూడాలి. "దేనికి" అన్న చోట మాత్రం అమ్మ చెప్పిందే రాశాం. మేక పిల్లలకి.

చదువుకున్నోళ్ళం మనం. ఈ సెలవులకి ఇంటికెళ్తే అమ్మ పాసుబుక్కు ఒకసారి ఆమెకి చదివి వినిపించండి. మీ ఇళ్ళల్లో ఎలా ఉందో కింద రాయండి.