ఇక్షుశర్కరయుఁ గాలమానమును



పాలు తోడుపెట్టు తల్లికి రసాయనశాస్త్రము తెలియనక్కఱలేదు. గ్రీష్మమున రాత్రి తోడువేసిన పాలు తెల్లవాఱకమునుపే పులిసిపోవుననియు, పుష్యమాసమున నుదయమునకుఁ గూడఁ దోడుకొనవనియు నామె యెఱుఁగును. వేఁడిమి హెచ్చినచో మార్పు త్వరపడుట లోకానుభవము. ఎంత త్వరపడు నని ప్రశ్నించి యంకెలతో బదులు చెప్పుట వేఱు సంగతి. రసాయనక్రియలయందు ఆ పనిని చక్కగా నిర్వహించిన మొదటివాని చరిత్రమును నేఁడు విన్నవింపఁదలఁచితిని.

నేను చిన్ననాఁట తర్కము చదివినవాఁడను. పచ్చికుండ యావమునఁ గాలి యెఱ్ఱనగుటను గూర్చి వైశేషికులు గావించిన విచారము మీలోఁ గొందఱు వినియుందురు. అగ్నిసంయోగముచే ద్వ్యణుకము నశించినది మొదలు, నలుపు పోయి, క్రొత్త ద్వ్యణుకమున నెఱుపు పుట్టువఱకుఁ దొమ్మిది క్షణములనియు, మతాంతరమునఁ బది యనియుఁ, బదునొకండనియు వారు లెక్కించిరి. మార్పునకుఁ గాలము పట్టుననియు, ఆ కాలమును భాగించి చెప్పవలెననియుఁ దోఁచుట సామాన్యబుద్ధి కాదు. అయినను సత్యము చెప్పవలెను గదా! ఆ క్షణములు యుక్తిచే నిర్ణయింపఁబడినవే కాని, యావము ప్రక్కను గడియకుడుక నుంచుకొని యెవరును లెక్కించినవి కావు. సర్వమును మనవారికి ముందే తెలియునని వాదించు నా మిత్రులు ఈ భేదమును గమనింపవలెను.

ఐరోపాలోనైనను జాలకాల మిట్లే యుండెను. లవోజియే నాఁటినుండి ప్రయోగశాలలయందుఁ ద్రాసునకుఁ బట్టము గట్టిరి. ఏ పదార్థ మేపదార్థముతో నెంత తూకమునఁ గలియునో తేల్చిరి. గడియారమునకు మాత్ర మక్కడఁ జోటు దొరకలేదు.

లుడ్విగ్ విల్హెల్మీ 1812వ సంవత్సరమునఁ బొమెరేనియాలోని ష్టార్గార్డునఁ బుట్టెను. ఔషధవిద్య నేర్చి, మందుల దుకాణము నడపి, 1843లో దాని నమ్మివేసి, ముప్పదియేండ్లు దాఁటిన వయస్సున మరల విద్యార్థి యయ్యెను. 1846లో హైడెల్బర్గున డాక్టరుపట్టము పొంది యక్కడనే బోధకుఁడయ్యెను.

అతఁడు పరీక్షకుఁ దీసికొన్నది మన చెఱకుచక్కెర. దానిని నీటఁ గరఁగించి కొంచె మామ్లము చేర్చినచో, నది నీటిని గ్రహించి ద్రాక్షశర్కరగాను ఫలశర్కరగాను విడివోవును. కంటికి మార్పేమియుఁ గనఁబడదు. ద్రవము తేటగానే యుండును. మఱి కొలుచు టెట్లు? చక్కెరద్రావణము ధ్రువితకాంతి యొక్క తలమును త్రిప్పునని ఫ్రాన్సు దేశస్థుఁడు బియో యంతకుముందే కనిపెట్టియుండెను. చెఱకుచక్కెర కుడివైపునకుఁ ద్రిప్పును. విడివడిన పిమ్మట ఫలశర్కర బలముచే మిశ్రమము ఎడమవైపునకుఁ ద్రిప్పును. కావున విల్హెల్మీ ద్రవమును గదలింపక, చుక్కయైనను వెలికిఁ దీయక, కోణమును గడియారమును జూచుచు నెంత చక్కెర మిగిలినదో వ్రాసికొనెను. ఆటంకపఱుపకయే చూచుట యీ యుపాయమందలి సొగసు.

1850లో నతఁడు ప్రకటించిన నియమ మిది: ఏ క్షణమునందైనను చక్కెర తఱుగు వేగము, ఆ క్షణమున మిగిలియున్న చక్కెరను బట్టి యుండును. నూఱు తులములలో నేఁబది యొకగంటలో మాఱినచో, రెండవగంటలో మాఱునది యిరువదియైదే, మూఁడవగంటలోఁ బండ్రెండున్నర. ప్రతినెలయు మిగిలిన బాకీలో సగమే తీర్చు ఋణస్థుని లెక్కవంటి దిది. దీని నతఁడు గణితసమీకరణముగా వ్రాసెను. ఆమ్లపుఁ బరిమాణమును, వేఁడిమియు వేగమును మార్చుటను గూడఁ బరిశీలించెను.

లోకము వినలేదు. గణితమును జూచి నాఁటి రసాయనజ్ఞులు వెనుదీసిరేమో యని నాకుఁ దోఁచును. పెద్దపీఠమున నున్నవాఁడు చెప్పియుండినచో విని యుందురేమో కూడ. 1854లో నతఁడు బోధన మాని, 1864లో బెర్లినునఁ జనిపోయెను. ఆ యేఁటనే నార్వే దేశమున గుల్బర్గు, వాగె యను బావమఱఁదులు ద్రవ్యరాశి నియమమును వేఱుగాఁ బ్రకటించిరి. ఆక్స్‌ఫర్డునందు హార్కోర్టు అను రసాయనజ్ఞుఁడును, ఎస్సన్ అను గణితజ్ఞుఁడును గలసి యా దశాబ్దమందే క్రియావేగములను గొలిచిరి. విల్హెల్మీ వ్యాసమును వెలికిఁ దీసి గౌరవించినవాఁడు ఆస్ట్వాల్డు. అప్పటికి ముప్పదియేండ్లు గడచెను.

1884లో వాంట్ హాఫ్ గ్రంథము ఈ శాస్త్రమునకుఁ గుదురు గల్పించెను. పది డిగ్రీల వేఁడిమి పెరిఁగినచోఁ బెక్కు క్రియలు రెండు మూఁడు రెట్లు త్వరపడునని యప్పటినుండి విద్యార్థులు చదువుచున్నారు. 1889లో అర్హీనియస్ మరల ఈ చెఱకుచక్కెరనే చేపట్టి, తగినంత శక్తిగల యణువులే మార్పునకుఁ బాల్పడుననియు, వేఁడిమిచే నట్టివాని సంఖ్య వేగముగాఁ బెరుఁగుననియు వివరించెను. వాంట్ హాఫ్‌నకు 1901లోను, అర్హీనియస్‌కు 1903లోను, ఆస్ట్వాల్డునకు 1909లోను నోబెలు బహుమానములు లభించెను. 1999లో నది పొందిన జెవాయిల్, సెకండును గోటిగాఁ జీల్చి, యం దొక ముక్కను మరలఁ బదికోట్లుగాఁ జీల్చినంతటి కాలమున నణువుల కదలికను జూచెను.

మన అనకాపల్లి ప్రాంతపు రైతులు కొట్టిన చెఱకును నిలువయుంపక గానుగ కెత్తుదురు. రసము పులియకుండ సున్నపుఁదేట చేర్చుదురు. ఆలస్యమైన చెఱకులో విల్హెల్మీ చూచిన మార్పే జరిగి, బెల్లము కట్టక జిగురై పోవును. ఏ జామునఁ గొట్టిన చెఱకు ఏ జామునకుఁ బొయ్యి కెక్కవలెనో యా పాకము పట్టువానికి బాగుగాఁ దెలియును.