రౌటర్‌లో దేశం గడి, పల్నాటి పుల్లరి

ఇంట్లో వైఫై ఉన్నవాళ్ళు చాలామందికి 192.168.1.1 తెలుసు. అందులోకి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చి బయటికొచ్చేస్తాం. మహా అయితే నెట్‌వర్క్‌కి ఓ తమాషా పేరు పెడతాం. పక్కనే "అడ్వాన్స్‌డ్" అని ఇంకో ట్యాబ్ ఉంటుంది. పగలంతా సర్వర్లతో కుస్తీ పట్టే మనవాళ్ళు కూడా దాని జోలికి పోరు. అక్కడ రీజియన్, ఛానల్, ఛానల్ విడ్త్, ట్రాన్స్‌మిట్ పవర్ అని నాలుగు గడులు ఉంటాయి. చూడ్డానికి ఉత్త టెక్నికల్ వ్యవహారం. నన్నడిగితే మాత్రం అవి చరిత్ర పాఠాలు. అందులోనూ మా పల్నాడు వాళ్ళకి తొందరగా ఎక్కే పాఠాలు.

పల్నాడు అనగానే అందరికీ బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది ఆ యుద్ధం కాదు... పుల్లరి గొడవ. అడవిలో పశువుల్ని మేపుకోవాలంటే సర్కారుకి కట్టాల్సిన పన్ను పేరు పుల్లరి. తాతల కాలం నుంచీ ఊరందరిదీ అనుకున్న అడవికి తెల్లదొరలు హద్దురాళ్ళు పాతి, లోపల గడ్డి మేస్తే డబ్బు కట్టమన్నారు. 1921లో సహాయ నిరాకరణ రోజుల్లో పల్నాటి రైతులు కట్టం పొమ్మన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు ప్రాణాలు పోయాయి. ప్రాణాలిచ్చిన పోరాటాన్నీ నా రౌటర్‌నీ ఒకే తూకంలో వెయ్యను. కానీ అందరిదీ అనుకున్న దానికి హద్దురాయి వేసే హక్కు ఎవరిది అన్న ప్రశ్న ఉంది చూశారూ, అది రెండుచోట్లా ఒకటే.

గాలికి కూడా పుల్లరి ఉండేదండీ! 1885 టెలిగ్రాఫ్ చట్టం, దానిమీద 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. స్వతంత్రం వచ్చాక కూడా పాటలు వినే రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టేవాళ్ళు. మా తాతయ్య తరం వాళ్ళనడిగితే ఆ లైసెన్సు పుస్తకాల సంగతి చెబుతారు. అది 1980లలో గానీ పోలేదు. ఆ పాత చట్టాల స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం పార్లమెంటులో పాసయింది 2023 డిసెంబర్‌లో!

మరి మన వైఫైకి లైసెన్సు ఎందుకు అక్కర్లేదు? దానికో కథ ఉంది. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సదస్సులో 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పట్టీని పరిశ్రమల యంత్రాలకీ వేడిచేసే పరికరాలకీ వదిలేశారు. మైక్రోవేవ్ ఓవెన్ రొద చేసేది అక్కడే. అంటే పంటకి పనికిరాని బీడన్న మాట. 1985లో అమెరికా వాళ్ళ ఎఫ్‌సీసీ ఈ బీడులో, కొన్ని హద్దుల్లో, ఎవరైనా లైసెన్సు లేకుండా రేడియో వాడుకోవచ్చంది. 1997లో 802.11 ప్రమాణం వచ్చింది. మన దేశంలో మొదట నాలుగు గోడల మధ్య వాడకానికి మాత్రమే ఒప్పుకున్నారు. 2005 జనవరిలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకూ ఆరుబయట కూడా లైసెన్సు తీసేశారు. ట్రాన్స్‌మిటర్ 1 వాట్, యాంటెన్నాతో కలిపి 4 వాట్లు దాటకూడదన్నది షరతు.

ఆ షరతే మీ రౌటర్‌లో రీజియన్ గడి. ఏ దేశం పేరు పెడితే ఆ దేశపు హద్దురాళ్ళు లోపలికొస్తాయి. ఇండియా అని పెడితే 1 నుంచి 13 ఛానళ్ళు, అమెరికా అని పెడితే 11 వరకే. అందుకే అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌కి ఒక్కోసారి 13వ ఛానల్లో ఉన్న మన వైఫై అసలు కనబడదు. సిగ్నల్ పెరుగుతుందని వేరే దేశం పేరు పెట్టుకునే మహానుభావులు కూడా ఉన్నారు. అది పక్కవాడి చేలోకి గట్టు జరపడమే.

ఈ 83.5 మెగాహెర్ట్జ్ విలువ తెలియాలంటే బయట రేటు చూడాలి. 2022లో జరిగిన 5జీ వేలంలో మన ప్రభుత్వానికి సుమారు 1 లక్షా 50 వేల కోట్ల రూపాయల బిడ్లు వచ్చాయి. అలాంటి గాలిలోనే ఈ ముక్క మాత్రం మీకూ నాకూ ఊరికే ఇచ్చారు.

ఊరికే వచ్చింది కాబట్టే తొక్కిసలాట. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి నెలకి 149 రూపాయల ప్యాకేజీ పెట్టారు. ప్రైవేటు వాళ్ళు కూడా పోటీపడ్డారు. 2020 లాక్‌డౌన్‌లో నరసరావుపేట మా ఇంటినుంచి పని చేస్తూ ఫోన్లో వైఫై ఎనలైజర్ పెట్టి చూస్తే మేడమీదకి ఇరవై పైచిలుకు నెట్‌వర్కులు కనబడ్డాయి! పక్కింటి పిన్నిగారి అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసు మాటిమాటికీ ఆగిపోయేది. "బాబూ, మా నెట్టు కంపెనీవాడు మోసం చేస్తున్నాడేమో చూడు" అందావిడ. కేబుల్ పెట్టి చూస్తే ఫుల్ స్పీడు. జబ్బు స్తంభం మీద లేదు, గాల్లో ఉంది.

ఎలాగంటారా? ఛానళ్ళ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్. ఒక్కో రౌటర్‌కి కావాల్సింది 20. అంటే ఒకదాన్నొకటి తొక్కుకోని ఛానళ్ళు మూడే: 1, 6, 11. ఇవి వీధిలో మూడు కుళాయిలనుకోండి. ఒకే కుళాయి దగ్గరున్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, బిందెల వరుసలా వంతు పాటిస్తాయి. ఆలస్యమైనా నీళ్ళు దొరుకుతాయి. "ఖాళీగా ఉంది కదా" అని 3వ ఛానల్ పెట్టినవాడు రెండు కుళాయిల మధ్య నిలబడ్డట్టు. వాడి మాట వీళ్ళకి అర్థం కాదు, వీళ్ళది వాడికి అర్థం కాదు, అందరికీ అది రొద. ఇక 2.4లో విడ్త్ 40 పెట్టినవాడు వీధిలో సగం ఒక్కడే ఆక్రమించినట్టు. పిన్నిగారి రౌటర్ని 3 నుంచి 11కి మార్చి విడ్త్ 20 చేశాం. ఎదురింటి అన్నయ్యగారినడిగి వాళ్ళ 40ని కూడా 20 చేయించాం. అమ్మాయి క్లాసు ఆగడం తగ్గింది. మనం పెట్టే సెట్టింగు మనింటి గోడ దగ్గర ఆగదు, అదీ సంగతి.

వీలైతే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. 2018 అక్టోబర్‌లో అక్కడ మొత్తం 605 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు తీసేశారు, అంటే 2.4 కంటే ఏడింతలు పెద్ద బయలు. కాకపోతే దానికి గోడలు గిట్టవు. మాచర్ల, గురజాల వైపు రాతిగోడల పాత ఇళ్ళల్లో పక్కగదికి చేరేసరికే నీరసపడుతుంది. అక్కడ దూరపు గదులకి 2.4, రౌటర్ ఉన్న గదికి 5 పెట్టుకోవడమే తెలివి. ట్రాన్స్‌మిట్ పవర్ ఎప్పుడూ ఫుల్లులో ఉండక్కర్లేదు. చిన్న ఇల్లయితే తగ్గించండి, వీధికి మేలు.

చివరిగా తలుపు గొళ్ళెం సంగతి. వెప్ తాళం 2001లోనే పగిలింది. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌లో 8 అంకెల పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూస్తారు కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లో బయటపడింది. 2008 అహ్మదాబాద్ పేలుళ్ళకి ముందు బెదిరింపు మెయిల్ వెళ్ళింది నవీ ముంబైలో ఒకరి ఇంటి వైఫై నుంచి, ఆ ఇంటాయనకి తెలియకుండానే. విచారణ ఎదుర్కొన్నది మాత్రం ఆయనే. కాబట్టి డబ్ల్యూపీఏ2 గానీ 3 గానీ పెట్టండి, డబ్ల్యూపీఎస్ తీసెయ్యండి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

పుల్లరి లేని బయలు మనకి దక్కింది. దానికి కాపలా అధికారి లేడు, హద్దురాయి కూడా మన చేతిలోనే, ఆ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోనే ఉంది. ఎవడికివాడు తన గేదెల్నే తోలుకుంటే రేపు మళ్ళీ ఎవరో వచ్చి "మీకు చేతకావట్లేదు, మేం వేలం వేస్తాం" అంటారు. అప్పుడు కాదనడానికి మన దగ్గర మాట ఉండదు. ఈసారి సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఓ పావుగంట కూర్చుని మీ ఇంటి ఛానల్ చూడండి. పనిలో పనిగా పక్కింటిది కూడా.