హాఫ్ డోమ్ - ఆ మిగతా సగం కథ

కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళలో యోసెమిటీ వెళ్ళి హాఫ్ డోమ్ ముందు ఫోటో దిగనివాళ్ళు తక్కువే. "మిగతా సగం ఏమైందబ్బా?" అన్న ప్రశ్న మాత్రం కారెక్కగానే మర్చిపోతాం. నాకైతే కొండకన్నా ఆ ప్రశ్న చుట్టూ జరిగిన గొడవే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

ముందు కొండ సంగతి. సముద్రమట్టానికి సుమారు 2,690 మీటర్లు, లోయ అడుగు నుంచి దాదాపు 1,460 మీటర్ల ఎత్తు. గ్రానైట్ జాతి రాయి. దాదాపు 9 కోట్ల ఏళ్ళ క్రితం భూమి లోపల శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడింది. పైనున్న బరువంతా కోసుకుపోయాక ఉల్లిపొరల్లా ఊడుతూ గుండ్రబడింది. మన భువనగిరి గుట్ట నున్నటి వీపు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. (వయసులో మనవే పెద్దలెండి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌కి సుమారు 250 కోట్ల ఏళ్ళు!)

ఇక గొడవ. 1860ల్లో కాలిఫోర్నియా భూగర్భ సర్వే అధిపతి జోసయా విట్నీ రెండు తీర్పులిచ్చేశాడు. ఒకటి, ఈ శిఖరం మీద మనిషి ఎప్పటికీ కాలు పెట్టలేడు. రెండు, లోయ అడుగు కుంగిపోయింది, డోమ్ సగం కూడా దాంతోపాటే పోయింది. గొర్రెలు కాసి, రంపపు మిల్లులో పనిచేసిన జాన్ మ్యూర్ మాత్రం "కాదు, ఇది హిమానీనదాల పని" అన్నాడు. గొర్రెలకాపరికేం తెలుసన్న ధోరణిలో విట్నీ కొట్టిపారేశాడు.

మొదటి తీర్పు 1875 అక్టోబరులో పోయింది. జార్జ్ ఆండర్సన్ అనే ఆయన రాతికి రంధ్రాలు తొలిచి, ఇనప మేకులు దిగ్గొట్టుకుంటూ పైకెక్కేశాడు. రెండో తీర్పు 1930లో, ఫ్రాన్స్వా మాథెస్ అధ్యయనంతో పోయింది. అయితే మ్యూర్ చెప్పిందీ పూర్తిగా నిజం కాదు. ముందు నది తవ్విన లోయనే హిమం వెడల్పు చేసింది. డోమ్ శిఖరం మంచుకి పైనే మిగిలింది. ఆ నిట్టనిలువు ముఖం రాతిలోని నిలువు పగుళ్ళ వెంట పలకలు ఊడిపడటం వల్ల వచ్చింది. అసలు సగం పోయిందనుకోవడమే చాలావరకు కంటి భ్రమ!

మన మీటింగుల్లోనూ అంతేగా.. "ఇది అవ్వదు" అనేది చాలాసార్లు డిజిగ్నేషనే, డేటా కాదు.

అన్నట్టు, జాన్ మ్యూర్ పేరిట ఉన్న కాలిబాట యోసెమిటీ లోయలో మొదలై 4,421 మీటర్ల ఇంకో గ్రానైట్ శిఖరం మీద ముగుస్తుంది. దాని పేరు.. మౌంట్ విట్నీ!